ముప్ఫైకి ఇరవై ఎనిమిది వచ్చినంత మాత్రాన

అరవై దాటిన ఆడమనిషికి రొమ్ము క్యాన్సర్ వచ్చి, ఆపరేషనూ కీమో అయ్యాక, "ఏదీ గుర్తుండట్లేదు, మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది" అని చెప్పుకుంటే మన దగ్గర మూడు జవాబులు వినిపిస్తాయి. వయసు మీదపడ్డాక మతిమరుపు ఎవరికైనా సహజమే, దానికీ క్యాన్సర్‌కీ సంబంధం లేదనేది మొదటిది. కీమో ఎక్కించుకుంటే బుర్ర పాడవుతుంది, పెద్దవయసులో అయితే డిమెన్షియాయే వస్తుంది, అందుకే వద్దన్నాం అనేది రెండోది. మూడోది కాస్త చదువుకున్నవాళ్ళు చెప్పేది: పరీక్ష చేయించాం, ముప్ఫైకి ఇరవై ఎనిమిది వచ్చింది, లోపమేమీ లేదు, ఆవిడే ఊరికే భయపడుతోంది.

మూడూ తప్పే. మొదటి రెండూ నోటిమాటలు, వాటికి జవాబు చెప్పడం తేలిక. మూడోదాని వెనక ఒక అంకె ఉంది, ఆస్పత్రి కాగితం ఉంది, కింద సంతకం ఉంది. అందుకే దాన్ని ఎక్కువ గట్టిగా ఖండించాలి. ఆ అంకెను చూపించి ఒక మనిషి బాధను కొట్టిపారేస్తున్నారు. అదే అంకె పది తగ్గితే, బడి మొహం చూడని ఇంకో మనిషికి లేని జబ్బు అంటగడుతున్నారు. రెండుచోట్లా పరీక్షను దాని పని కాని పనికి వాడారు.

ఆ ముప్ఫై మార్కుల పరీక్ష ఎక్కడిదో ముందు చూద్దాం. మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్ అనే దీన్ని 1975లో అమెరికాలో మార్షల్ ఫోల్‌స్టీన్, సూసన్ ఫోల్‌స్టీన్, పాల్ మెక్‌హ్యూ కలిసి తయారుచేశారు. మానసిక వైద్య వార్డుల్లో రోగి పక్కన కూర్చుని పది నిమిషాల్లో ముగించడానికి పనికొచ్చే సాధనం అది. మార్కులు ఎలా పంచారో చూడండి. రోజు, తేదీ, నెల, సంవత్సరం, కాలం, ఊరు, రాష్ట్రం, మనం ఉన్న భవనం, అంతస్తు లాంటివి చెప్పడానికి పది. మూడు మాటలు విని తిరిగి చెప్పడానికి మూడు. వందలోంచి ఏడేసి తీసేస్తూ పోవడానికి ఐదు. ఆ మూడు మాటలూ కాసేపాగి గుర్తుచేసుకోవడానికి మూడు. వస్తువుల పేర్లు, విన్న వాక్యాన్ని తిరిగి చెప్పడం, చదవడం, రాయడం, చెప్పిన పని చెయ్యడం కలిపి ఎనిమిది. బొమ్మ చూసి గీయడానికి ఒకటి. ఎంతసేపట్లో చెప్పారన్నదానికి ఒక్క మార్కూ లేదు. గడియారమే వాడరు.

క్యాన్సర్ చికిత్స తర్వాత పెద్దవాళ్ళు చెప్పే ఇబ్బంది తేదీ మర్చిపోవడం కాదు, ఏ ఊళ్ళో ఉన్నారో తెలియకపోవడం అసలే కాదు. ఆలోచన మందగించడం, ఒకేసారి రెండు పనులు నడపలేకపోవడం, కొత్తగా విన్నది పట్టు చిక్కకపోవడం, తెలిసిన పేరు సమయానికి అందకపోవడం. పరిశోధకులు దీన్ని శ్రద్ధ, ఆలోచనా వేగం, పనిని ప్లాన్ చేసుకుని నడిపించే శక్తి, కొత్త విషయాలు నేర్చుకుని గుర్తుంచుకునే శక్తి అని విడదీసి చూస్తారు. జ్వరం చూసే థర్మామీటరు పెట్టి బీపీ మామూలుగానే ఉందని చెబితే ఎలా ఉంటుందో, పాత ముప్ఫై మార్కుల పరీక్షతో వీటిని కొలవడం అలాగే ఉంటుంది.

డెబ్బైకి దగ్గరపడ్డ ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్‌ను ఊహించుకోండి. ముప్ఫై ఏళ్ళు బడి నడిపిన మనిషి. గుడి కమిటీ లెక్కలు ఆవిడ చేతుల్లోనే ఉండేవి. కీమో అయిన ఆర్నెల్లకు రసీదు పుస్తకం ముందేసుకుని కూర్చుంటే ఒక పేజీ కూడడానికి పొద్దంతా పడుతోంది. మధ్యలో ఫోన్ మోగితే ఎక్కడ ఆపిందో తెలియక మళ్ళీ మొదటికి వస్తోంది. ఆస్పత్రికి తీసుకెళ్తే తేదీ చెప్పింది, జిల్లా చెప్పింది, మూడు మాటలూ అప్పజెప్పింది. వందలోంచి ఏడేసి తీసేసే లెక్కకు నాలుగు నిమిషాలు పట్టింది, కానీ తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది అంటూ అన్నీ సరిగ్గానే చెప్పింది. ఇరవై ఎనిమిది వచ్చింది. ఇంటికొచ్చాక కొడుకు, "అమ్మా, డాక్టరుగారే అన్నారుగా ఏం లేదని, ఇంక ఆలోచించకు" అన్నాడు. ఆ లెక్కకు నాలుగు నిమిషాలు పట్టడమే జబ్బు జాడ. పరీక్షలో దాన్ని రాసుకునే గడి లేదు.

ఇది నా ఒక్కడి అభ్యంతరం కాదు. ఈ రంగంలో పనిచేసేవాళ్ళు ఏర్పాటు చేసుకున్న అంతర్జాతీయ కాగ్నిషన్ అండ్ క్యాన్సర్ టాస్క్ ఫోర్స్ 2011లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో సిఫార్సులు ప్రకటించింది. వాళ్ళు చెప్పిన కనీస పరీక్షలు మూడు. ఒకటి, పన్నెండు మాటల జాబితాను మూడుసార్లు చదివి వినిపించి, ఇరవై నిమిషాలకు పైగా ఆగి మళ్ళీ అడగడం. రెండోది, కాగితం మీద చెల్లాచెదురుగా ఉన్న అంకెలను వరసగా గీతతో కలుపుకుంటూ పోవడం, తర్వాత అంకె ఒకటి అక్షరం ఒకటి చొప్పున మార్చి మార్చి కలపడం. దీనికి గడియారం పట్టుకుని కూర్చుంటారు. మూడోది, ఇచ్చిన అక్షరంతో మొదలయ్యే మాటలు ఒక్క నిమిషంలో ఎన్ని చెప్పగలరో లెక్కపెట్టడం. వీటితోపాటు చికిత్స మొదలుపెట్టకముందే ఒకసారి కొలవాలనీ, క్యాన్సర్ లేని అదే వయసువాళ్ళతో పోల్చాలనీ కూడా అందులో ఉంది.

ఆ చివరి రెండు షరతులే అసలు కీలకం. వాటిని పక్కనపెట్టి రాసిన వార్తలే రెండో అపోహకు మూలం.

కీమో తీసుకున్నవాళ్ళలో సగం మందికి, కొన్నిచోట్ల ముప్పావు వంతు మందికి మెదడు దెబ్బతిందని శీర్షికలు వస్తుంటాయి. అంకె ఎలా వచ్చిందో ఎవరూ అడగరు. 2006లో బ్రిటన్‌లో షిల్లింగ్, జెంకిన్స్ బృందం ఒక మంచి పని చేసింది. తమ దగ్గరున్న ఒకే సమాచారాన్ని అప్పటిదాకా వేర్వేరు పరిశోధకులు వాడిన వేర్వేరు లెక్కల పద్ధతుల్లో పెట్టి చూసింది. లోపం ఉన్నవాళ్ళు ఒక పద్ధతిలో సుమారు 12 శాతం తేలారు, ఇంకో పద్ధతిలో 68 శాతం దాకా తేలారు. మనుషులు వాళ్ళే, మార్కులు అవే. 'లోపం' అని ఎక్కడ గీత గీశారన్నదే తేడా.

ఈ గీత సంగతి కాస్త విప్పి చెప్పాలి. వందమంది ఆరోగ్యవంతుల్లో ఇద్దరు ముగ్గురికి మాత్రమే వచ్చేటంత తక్కువ మార్కు వస్తే లోపం ఉన్నట్టు లెక్కవేద్దాం అనుకోండి. వినడానికి చాలా కఠినమైన నియమంలా ఉంటుంది. కానీ ఒక మనిషికి పదమూడు పరీక్షలు పెట్టి, వాటిలో ఏ ఒక్కదాంట్లో అంత తక్కువ వచ్చినా లోపమే అంటే? పరీక్షలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, ఏ జబ్బూ లేని వందమందిలో దాదాపు ఇరవై ఆరుగురు లోపం ఉన్నవాళ్ళ జాబితాలోకి వచ్చేస్తారు. నిజానికి పరీక్షల మధ్య సంబంధం ఉంటుంది కాబట్టి ఆ సంఖ్య కొంత తగ్గుతుంది, కానీ సున్నా కాదు. పోల్చడానికి ఆరోగ్యవంతుల గుంపు లేని అధ్యయనం చూపించే శాతం భయపెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదని అందుకే అంటున్నాను.

చికిత్సకు ముందు కొలవకపోతే జరిగే నష్టం ఇంకా పెద్దది. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో వెఫెల్ బృందం 2004లో ప్రకటించిన అధ్యయనం చిన్నది, పద్దెనిమిది మంది స్త్రీలే. కానీ వాళ్ళను కీమోకి ముందే కొలిచారు. మందు ఒక్క చుక్క కూడా ఎక్కకముందే మూడో వంతు మందికి లోపం కనిపించింది. క్యాన్సర్ అని తెలిసిన దిగులు, నిద్రలేమి, ఆపరేషన్ మత్తు, జబ్బు వల్ల ఒంట్లో వచ్చే మార్పులు, కారణాలు ఏవైనా కావచ్చు. తర్వాత మాత్రమే కొలిచి ఉంటే ఆ మొత్తం కీమో ఖాతాలో పడేది. అదే అధ్యయనంలో కీమో తర్వాత దాదాపు 61 శాతం మంది తమ మునుపటి స్థాయి నుంచి కిందికి జారారు. వాళ్ళలో కొందరు జారాక కూడా పుస్తకం లెక్కన 'మామూలు' పరిధిలోనే ఉంటారు, ఎందుకంటే వాళ్ళు మొదలుపెట్టిందే ఎత్తు నుంచి. మన హెడ్‌మిస్ట్రెస్ అలాంటి మనిషే. ఆవిడను లోకం సగటుతో పోలిస్తే ఏమీ తేలదు, ఆవిడను నిరుటి ఆవిడతోనే పోల్చాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. అదే పరీక్ష రెండోసారి రాస్తే ఎవరికైనా కొంచెం ఎక్కువ వస్తుంది. మాటల జాబితా పరిచయమవుతుంది, ఏమడుగుతారో తెలిసిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మార్కులు ఆర్నెల్లకు పెరిగి, రోగి మార్కులు ఉన్నచోటే ఉన్నాయంటే అది నిలకడ కాదు, తగ్గుదలే. పక్కన ఆరోగ్యవంతుల గుంపు లేకపోతే ఈ సంగతి బయటపడే మార్గమే లేదు.

ఇప్పుడు మొదటి మాటకు, అంటే 'అంతా వయసే' అనే దానికి వద్దాం. దానికి ఇప్పటిదాకా వచ్చిన గట్టి జవాబుల్లో ఒకటి అమెరికాలో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం నుంచి జీన్ మాండెల్‌బ్లాట్ నడిపిన 'థింకింగ్ అండ్ లివింగ్ విత్ క్యాన్సర్' అధ్యయనం. 2018లో దాని ఫలితాలు జర్నల్ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీలో వచ్చాయి. అరవై నుంచి తొంభై ఎనిమిదేళ్ళ మధ్య వయసున్న 344 మంది రొమ్ము క్యాన్సర్ స్త్రీలు, వాళ్ళకు జోడుగా క్యాన్సర్ లేని 347 మంది. కీమో గానీ హార్మోను మాత్రలు గానీ మొదలుపెట్టకముందు ఒకసారి, ఏడాదికి ఒకసారి, రెండేళ్ళకు ఒకసారి పదమూడు పరీక్షలతో కొలిచారు. ఏపీఓఈ జన్యువు ఏ రకమో కూడా చూశారు. ఆ జన్యువులో ఎప్సిలాన్ 4 అనే రకం ఉన్నవాళ్ళకు అల్జైమర్స్ వచ్చే అవకాశం ఎక్కువన్నది ముందునుంచీ తెలిసిందే.

తేలిందేమిటంటే, ఎక్కువమంది పెద్దవాళ్ళకు చికిత్స వల్ల చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. కానీ కీమో తీసుకున్నవాళ్ళలో ఎప్సిలాన్ 4 ఉన్న ఆడవాళ్ళకు శ్రద్ధ, వేగం, పని నడిపించే శక్తి రెండేళ్ళపాటు తగ్గుతూ వచ్చాయి. హార్మోను మాత్రలు మొదలుపెట్టినవాళ్ళలోనూ అదే జన్యువు ఉన్నవాళ్ళకు మొదటి ఏడాదిలో నేర్చుకునే శక్తి, జ్ఞాపకం కొంత తగ్గాయి.

ఈ ఒక్క ఫలితం మొదటి మాటనూ రెండో మాటనూ కలిపి కొట్టేస్తుంది. వయసే కారణమైతే అదే వయసున్న, క్యాన్సర్ లేని ఆడవాళ్ళలోనూ అంతే తగ్గాలి, తగ్గలేదు. కీమో అందరి బుర్రా పాడుచేసేదైతే తీసుకున్నవాళ్ళందరిలో కనిపించాలి, కనిపించలేదు. కొందరికి, ఫలానా రకం మనుషులకు, ఫలానా శక్తుల్లో నష్టం ఉంది. ఎవరికన్నది కొలిస్తేనే తెలుస్తుంది. మాత్రల సంగతి కూడా కీమోతో సమానంగా పట్టించుకోవాలి. పెద్దవయసు రొమ్ము క్యాన్సర్‌లో చాలామందికి కీమో అక్కర్లేదు, ఐదేళ్ళో అంతకుమించో హార్మోను మాత్రలే చికిత్స. నెదర్లాండ్స్‌లో షిల్డర్ బృందం 2010లో ప్రకటించిన అధ్యయనంలో టామోక్సిఫెన్ వాడినవాళ్ళకు ఏడాది తర్వాత మాటల జ్ఞాపకం, పని నడిపించే శక్తి తగ్గాయి, ఎక్సెమెస్టేన్ వాడినవాళ్ళకు అలా తగ్గలేదు. "కీమో పెట్టలేదుగా, ఇంక మతిమరుపు ఎందుకొస్తుంది" అనేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

డిమెన్షియా భయం గురించి ఒక్క మాట. 2025లో దక్షిణ కొరియా జాతీయ ఆరోగ్య బీమా రికార్డుల నుంచి 70,701 మంది రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్ళను క్యాన్సర్ లేనివాళ్ళతో పోల్చి చూశారు. అల్జైమర్స్ వచ్చే అవకాశం వీళ్ళలో ఎక్కువ లేదు, సుమారు 8 శాతం తక్కువే ఉంది. దీన్ని పట్టుకుని క్యాన్సర్ చికిత్స మెదడును కాపాడుతుందని రాసేవాళ్ళు ఉంటారు, అదీ తప్పే. బీమా రికార్డులో డాక్టరు రాసిన జబ్బు పేరుంటుంది కానీ మనిషిని కూర్చోబెట్టి కొలిచిన కొలత ఉండదు. కానీ డిమెన్షియా వస్తుందని భయపెట్టి, కీమో అవసరమైన అమ్మకు కీమో మాన్పించడానికి ఇప్పుడున్న ఆధారాల్లో చోటు లేదు. ఆ మాటతో వైద్యం ఆపిన ఇళ్ళు తమ మనిషికి మేలు చెయ్యలేదు.

ఇక్కడిదాకా వచ్చాక నా వాదనకు ఎదురుగా ఒక మాట రావచ్చు: అమెరికాలో ఎక్కువమందికి ఏమీ కాలేదుగా, మనవాళ్ళకూ అంతే కదా అని. మాండెల్‌బ్లాట్ అధ్యయనంలోకి ఎవరిని రానిచ్చారో చూస్తే దీనికి జవాబు దొరుకుతుంది. ఇంగ్లిషు తెలియాలి. ముప్ఫై మార్కుల పరీక్షలో 24 కంటే తక్కువ వస్తే తీసుకోరు. చదివే శక్తి మూడో తరగతి స్థాయికి తగ్గినా తీసుకోరు. వాళ్ళ దేశంలో, వాళ్ళ ప్రశ్నకు అది సబబైన నియమమే. కానీ మన పల్లెల నుంచి హైదరాబాద్‌కో గుంటూరుకో విశాఖకో చికిత్సకొచ్చే అరవై ఐదేళ్ళ ఆడవాళ్ళలో ఎంతమంది ఆ గుమ్మం దాటగలరు? 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళ అక్షరాస్యత 59 శాతం. అది చిన్నపిల్లల్నీ యువతుల్నీ కలుపుకున్న లెక్క, పెద్దవయసువాళ్ళలో అంతకంటే బాగా తక్కువ. ఆ అధ్యయనం మన అవ్వల గురించి ఏమీ చెప్పలేదు. వాళ్ళు అందులో లేనే లేరు.

అలాంటి అవ్వను ముప్ఫై మార్కుల పరీక్షకు కూర్చోబెడితే ఏమవుతుందో ఆస్పత్రుల్లో తిరిగినవాళ్ళకు తెలుసు.

"అమ్మా, ఇవాళ తేదీ ఎంత?"

"తేదీలు నాకేం తెలుసు బాబూ. ఇవాళ ఏకాదశి. బేస్తవారం."

"సంవత్సరం?"

"మా పెద్దోడి బిడ్డ పెళ్ళైన మరుసటేడు."

రెండు మార్కులు పోయాయి. రోజు ఏదో, తిథి ఏదో, కుటుంబంలో ఏ సంగతి ఎప్పుడు జరిగిందో ఆ మనిషికి తెలుసు. తర్వాత కాగితం మీద రాసింది చదివి అలా చెయ్యమంటే ఒక మార్కు పోయింది, ఒక వాక్యం రాయమంటే ఇంకొకటి. రెండు ఐదుకోణాల బొమ్మలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయినట్టు గీయమని పెన్సిల్ చేతికిస్తే, జీవితంలో పెన్సిల్ పట్టని చెయ్యి వణికింది. దానికి క్యాన్సర్ కారణం కాదు. అదే అవ్వ సంతలో పది రకాల కూరలు అమ్మి, ఐదొందల నోటుకు చిల్లర నోటి లెక్కతో తిరిగిస్తుంది. పందొమ్మిది మార్కులొచ్చిందని కాగితం మీద డిమెన్షియా అనుమానం అని రాస్తే, ఆ ఒక్క మాటతో ఆవిడ చేతిలోంచి డబ్బు పోతుంది, ఇంట్లో మాట పోతుంది, కొన్నిసార్లు చికిత్స కూడా పోతుంది.

అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పే పరీక్ష కూడా ఆవిడకు పనికిరాదు. మాటను అక్షరాలుగా విడగొట్టడం బడి నేర్పే విద్య. అందుకు బదులు ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లో, ఎన్ని కూరగాయల పేర్లో చెప్పమంటే చదువు అడ్డురాదు, మెదడు వేగమూ తెలుస్తుంది. అంకెలు అక్షరాలు కలిపే పరీక్షకూ, గడియారం బొమ్మ గీయించే పరీక్షకూ అదే ఇబ్బంది. చదువు తక్కువైనవాళ్ళకు ఒక మార్కు కలపమని 2005లో మాంట్రియల్‌లో తయారైన ఇంకో ముప్ఫై మార్కుల పరీక్ష మోకా చెబుతుంది. బడి గడప తొక్కని మనిషికీ పదో తరగతి చదివిన మనిషికీ అదే ఒక్క మార్కు. ఈ తేడాను అది తీర్చలేదు. అందుకే చదువు లేనివాళ్ళ కోసం మోకా బేసిక్ అని వేరే పరీక్ష తయారుచెయ్యాల్సి వచ్చింది.

మన దగ్గర తగిన సాధనాలు లేవు, ఏం చెయ్యమంటారు అనేవాళ్ళ మాటనూ ఒప్పుకోను. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం మేరీ గంగూలీ బృందం 1995లో హిందీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్‌ను ప్రకటించింది. ముప్ఫై మార్కుల పరీక్షనే చదువురాని మనిషికి తగ్గట్టు మార్చిన పద్ధతి అది. 'కళ్ళు మూసుకోండి' అని రాసింది చదివించే బదులు "నా మొహం చూడండి, నేను చేసినట్టే చెయ్యండి" అని అడిగేవాళ్ళే కళ్ళు మూస్తారు. వాక్యం రాయించే బదులు "మీ ఇంటి గురించి ఒక మాట చెప్పండి" అంటారు. మన దగ్గరికొస్తే, భారత వైద్య పరిశోధన మండలి తెలుగు సహా ఐదు భారతీయ భాషల్లో పరీక్షల పెట్టె తయారుచేయించింది. అందులో హైదరాబాద్ నిమ్స్ భాగస్వామి. నిమ్స్‌లోనే సువర్ణ అల్లాడి బృందం తెలుగులో జ్ఞాపకశక్తి పరీక్షలు ఏళ్ళ తరబడి నడిపింది. 2013లో 648 మంది డిమెన్షియా రోగుల లెక్కలతో వాళ్ళు ప్రకటించిన ఫలితం ప్రపంచమంతా చదివింది: రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు డిమెన్షియా సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందనీ, చదువురానివాళ్ళలోనూ ఆ తేడా కనిపించిందనీ. బడి చదువు లేని మెదడుకు తనదైన సత్తా ఉంటుందని, దాన్ని కొలవవచ్చని హైదరాబాదే చూపించింది. నరాల వైద్యుల దగ్గరున్న ఈ పరీక్షలు క్యాన్సర్ వార్డుకు చేరడంలేదన్నదే నా ఫిర్యాదు.

చేరాల్సిన అవసరం మనకే ఎక్కువ. 2022లో భారతదేశంలో కొత్తగా లక్షా తొంభై రెండు వేల మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చిందని ప్రపంచ క్యాన్సర్ గణాంకాలు లెక్కగట్టే గ్లోబోకాన్ అంచనా. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2020లో వేసిన నివేదికలో వయసు సవరించిన రొమ్ము క్యాన్సర్ రేటు హైదరాబాద్ జిల్లాలో లక్షకు 48, దేశంలోని రిజిస్ట్రీలన్నిటిలో అదే ఎక్కువ. మనవాళ్ళకు పశ్చిమ దేశాలకంటే చిన్నవయసులో వస్తుందన్న మాట నిజమే. ఆ నిజాన్నే చెప్పుకుంటూ పెద్దవయసులో వచ్చినవాళ్ళను మర్చిపోయాం.

"మరి ఆవిడ చెప్పేదానికీ పరీక్షలో వచ్చేదానికీ పొంతన లేదు కదా, అదంతా డిప్రెషనే" అనే వాదన ఒకటుంది. దీంట్లో సగం నిజముంది కాబట్టి జాగ్రత్తగా జవాబు చెప్పాలి. రోగి సొంతంగా చెప్పేదాన్ని కొలిచే ఫ్యాక్ట్-కాగ్ అనే 37 ప్రశ్నల పత్రం ఉంది. దాని మార్కులకూ కూర్చోబెట్టి చేసే పరీక్షల మార్కులకూ చాలా అధ్యయనాల్లో పెద్దగా పొత్తు కుదరలేదు. దిగులుకూ, అలసటకూ, నిద్రలేమికీ మాత్రం పొత్తు కుదిరింది. అయితే ఏమిటి? పరీక్ష జరిగేది తలుపు మూసిన గదిలో, ఒక్కసారి ఒక్క పని మీద. ఇంట్లో కుక్కర్ విజిల్, మనవడి గోల, వాకిట్లో పాలవాడు, మధ్యాహ్నం వేసుకోవాల్సిన మాత్ర, అన్నీ ఒకేసారి మీదపడతాయి. అక్కడ తడబడే మనిషి ఇక్కడ తడబడకపోవచ్చు. దిగులే కారణమని తేలినా అది ఆవిడ మాటను కొట్టిపారేయడానికి సాకు కాదు. దిగులుకు వైద్యముంది. థైరాయిడ్ తగ్గినా, బి12 తగ్గినా, రక్తం తక్కువైనా, చెవులు సరిగ్గా వినపడకపోయినా, రాత్రి నిద్రమాత్రల మత్తు పగలంతా ఉన్నా మతిమరుపులాగే కనిపిస్తుంది. వీటన్నిటికీ ఏదో ఒకటి చెయ్యొచ్చు. వెతికితేనే దొరుకుతాయి.

పెద్దవాళ్ళలో దీనికి తలకిందులైన సంగతి కూడా ఉంది, నాకు అదే ఎక్కువ ఆందోళన. చాలామంది అసలు చెప్పరు. 'ఈ వయసులో ఇది మామూలే' అని వాళ్ళే తీర్పు ఇచ్చేసుకుంటారు. కోడలు మాత్రలు తీసిస్తుంది, ముసలాయన బ్యాంకు పని చూసుకుంటాడు, లోపం ఇంట్లోనే మరుగున పడిపోతుంది. అందుకే రోగిని అడిగినట్టే, పక్కనే ఉండి చూసుకునే మనిషిని విడిగా అడగాలి: "ఆర్నెల్ల కిందట అత్తయ్య ఒంటరిగా చేసుకున్న పనుల్లో ఇప్పుడు మీరు చేసిపెడుతున్నవి ఏంటమ్మా?" ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు కొన్నిసార్లు మొత్తం పరీక్షకంటే ఎక్కువ చెబుతుంది.

కొలిచి ఏం లాభం, దీనికి మందు లేదుగా అని ఆఖరున అడుగుతారు. లాభం ఉంది. కీమో తర్వాత జ్వరం వస్తే ఆ రాత్రే ఫోన్ చెయ్యాలన్న జాగ్రత్త గుర్తుండని మనిషి ఇంట్లో ఒంటరిగా ఉంటే ప్రాణానికే ముప్పు. ఐదేళ్ళు రోజూ వేసుకోవాల్సిన మాత్ర తప్పిపోతే క్యాన్సర్ తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. జ్ఞాపకం తగ్గిన సంగతి ముందే తెలిస్తే మాత్రల బాధ్యత ఎవరిదో, ఫోన్ ఎవరు చెయ్యాలో రాసిపెట్టుకోవచ్చు. డెబ్బై దాటిన క్యాన్సర్ రోగులకు చికిత్సకు ముందు జ్ఞాపకశక్తి, నడక, తిండి, ఇతర జబ్బులు, ఇంట్లో ఆసరా అన్నీ చూసి, ఆ సంగతి డాక్టరుకు అందజేస్తే ఏమవుతుందని అమెరికాలో 718 మందితో చేసిన ప్రయోగం ఫలితం 2021లో లాన్సెట్‌లో వచ్చింది. ఆ సంగతి డాక్టరుకు అందనివాళ్ళలో 71 శాతం మందికి తీవ్రమైన దుష్ఫలితాలు వస్తే, అందినవాళ్ళలో 51 శాతానికి తగ్గాయి. ముంబై టాటా మెమోరియల్‌లో పెద్దవయసు క్యాన్సర్ రోగులకు విడిగా క్లినిక్ నడుస్తోంది కూడా. ఇది మన దేశంలో అయ్యే పనే.

రోజూ వందలమంది వచ్చే ఓపీలో ఒక్కొక్కరికి గంట ఎక్కడిది అన్నది మాత్రం న్యాయమైన ప్రశ్న. అందరికీ గంట అక్కర్లేదు. చదువుకు తగిన చిన్న పరీక్ష ఒకటి, ఇంటిమనిషికి పైన చెప్పిన ప్రశ్న ఒకటి, పది నిమిషాల పని. శిక్షణ పొందిన నర్సు చెయ్యగలదు. ఆ చిన్న పరీక్ష జల్లెడ మాత్రమే, అందులో తక్కువ వచ్చినవాళ్ళనూ, బాగానే వచ్చినా ఇబ్బంది చెప్పేవాళ్ళనూ పెద్ద పరీక్షకు పంపాలి. ఈ రెండో రకంవాళ్ళనే ఇప్పుడు ఇంటికి పంపేస్తున్నారు.

మీ ఇంట్లో అమ్మకో అత్తగారికో రొమ్ము క్యాన్సర్ చికిత్స మొదలవబోతుంటే, మొదటి సైకిల్ తేదీ పడకముందే జ్ఞాపకశక్తి, ఆలోచనా వేగం ఒకసారి కొలవమని అడగండి. కొలత తెలుగులో, ఆవిడ చదువుకు తగిన పరీక్షతో జరగాలని అడగండి. ఆరునెలలకు, ఏడాదికి మళ్ళీ కొలిపించి మొదటిదానితోనే పోల్చమనండి. ఆ కాగితం మీద మార్కుతోపాటు ఏ పరీక్ష పెట్టారో, ఏ భాషలో అడిగారో, ఆవిడ ఎంతవరకు చదువుకున్నారో రాయించండి. ఇవేవీ లేని ఒంటరి అంకెను చూపించి ఆవిడకు ఏమీ కాలేదని గానీ, మతి పోయిందని గానీ ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.